మీటరునకు ఇన్ని వోల్టులు

రాయపూరు నగరమునకు ఉత్తరపు కొసన, బిలాసపూరు పోవు బాటమీద, భన్‌పురి యను పారిశ్రామిక వాడ యున్నది. ఆ దిక్కుననే మఱికొంత దూరము పోయినచో ఉర్లా, సిల్తరా వాడలు వచ్చును. విజయనగరమును రాయపూరును కలుపు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ మార్గమున వచ్చి యీ నగరమున కుదురుకొన్న తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వారి యిండ్లలో పెద్దలు తెలుగు చదువుదురు, పిల్లలు హిందీ చదువుదురు. కర్మశాలకు వచ్చు సరుకుల వివరపత్రములు మాత్రము ఇంగ్లీషున నుండును.

కొన్నేండ్ల క్రిందట ఆ వాడలో ట్రాన్స్‌ఫార్మరులు బాగుచేయు నొక చిన్న కర్మశాలవారు నాకొక పని యొప్పగించిరి. తీగచుట్ల నడుమ వేయు కాగితమును గూర్చిన వివరపత్రమును తెలుగున వ్రాసి, గోడకు అంటించుటకు వీలుగా ఇమ్మని కోరిరి. మూలము పాత ఇంగ్లీషు కొలతలలో నున్నది. ఆ కాగితము ‘మిల్’ ఒక్కింటికి 300 వోల్టులు తట్టుకొనునని అందున్నది. మిల్ అనగా ఇంచిలో వేయవ వంతు. తెలుగున ‘మిల్లు’ అని వ్రాసితిమా, చదువరికి బియ్యపు మిల్లు కన్నుల గట్టును. ‘మిల్లి’ అని వ్రాసితిమా, మిల్లీమీటరని భ్రమించును. కర్మశాలలవారు ఈ కొలతను ‘థౌ’ అందురు. నేనును ఇకమీద ఆ మాటనే వాడెదను.

కర్మశాలలోని తక్కిన పట్టికలన్నియు మిల్లీమీటరులలో నున్నవి గనుక దీనిని గూడ మార్చి వ్రాయవలసి వచ్చినది. ఇంచికి 25.4 మిల్లీమీటరులని బడిలో నేర్చినదే గదా! 300ను 25.4తో హెచ్చవేసితిని. 7,620 వచ్చినది. మిల్లీమీటరునకు 7.62 కిలోవోల్టులని గుండ్రని అక్షరములతో వ్రాసి యిచ్చి, పని ముగిసినదనుకొంటిని.

తీగలు చుట్టు పెద్దమనిషి యొకడు, పాలకొండ ప్రాంతము వాడు, ఆ కాగితమును రెండుమార్లు చదివెను. అతడు లెక్కల శాస్త్రము చదివినవాడు కాడు. కాని నన్ను పిలిచి యిట్లనెను: “ఏటి బాబూ, కాయితం మందం పది థౌ. పాత లెక్కన మూడువేల వోల్టులు ఆగాల. నీ లెక్క కడితే రెండువేలకి తక్కువొస్తంది. కాయితం మారనేదు, మందం మారనేదు. మరి నా వెయ్యి వోల్టులేటైపోనాయి?”

అతడు కట్టినది సరియైన లెక్క. పది థౌలనగా 0.254 మిల్లీమీటరు. దానిని నా 7.62తో హెచ్చవేసినచో 1.94 కిలోవోల్టులు మాత్రమే వచ్చును. నేను వ్రాయవలసినది మిల్లీమీటరునకు 11.8 కిలోవోల్టులు. దానిని 0.254తో హెచ్చవేసి చూడుడు, అతని మూడువేల వోల్టులును తిరిగి వచ్చును.

పొరపాటెచ్చట జరిగినది? దానిని విప్పుటకు ముందు, కొలువబడుచున్న వస్తువేమో చూడవలెను. రెండు లోహపు పలకలను ఎదురెదురుగా నిలిపి, వాని నడుమ వోల్టేజి పెట్టినప్పుడు, ఆ నడిమి చోటంతయు విద్యుత్తు ప్రభావమునకు లోనగును. ఆ చోటునకే విద్యుత్ క్షేత్రమని పేరు. వోల్టేజి అంతే యుంచి పలకలను దగ్గరకు జరిపినచో క్షేత్రము తీవ్రమగును; దూరము జరిపినచో సన్నగిల్లును. కొండయెత్తు ఒకటే యైనను, మెట్లు కొద్ది దూరములో ఎక్కించినచో ఆయాసమును, చుట్టుదారిని తిప్పి ఎక్కించినచో సుఖమును కలుగుట వంటిదిది. ఎత్తు వోల్టేజి, వాలు క్షేత్ర తీవ్రత. సమమైన క్షేత్రములో వోల్టేజిని దూరముచే భాగించినచో తీవ్రత వచ్చును. కావుననే దానిని మీటరునకు ఇన్ని వోల్టులని చెప్పుదురు.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. వోల్టునకు ఇంగ్లీషు కొలత, మెట్రిక్ కొలత యని రెండు రూపములు లేవు. లండనులోను పారిసులోను వోల్టు ఒక్కటే. మారునది పొడవు మాత్రమే. అదియు భాగహారమున క్రింది యింట నున్న పొడవు. అందువలన లెక్క తలక్రిందగును. గుడ్డను కొలుచునప్పుడు మీటరు విడిచి గజము పట్టితిమేని సంఖ్య పెరుగును, ఏలయన గజము చిన్నది. కాని వెలను చెప్పునప్పుడు మీటరు నూఱు రూపాయల గుడ్డ గజమునకు 91 రూపాయల 44 పైసలే యగును, ఏలయన గజమున గుడ్డ తక్కువ. ఈ సంగతి బట్టలకొట్టులో ఏ యిల్లాలికిని చెప్పనక్కఱలేదు. కలము పట్టినప్పుడు మాత్రము మనము మఱచెదము.

నేను మఱచినది ఇదే. వోల్టులను థౌనుండి మిల్లీమీటరునకు మార్చునప్పుడు అడుగవలసిన ప్రశ్న ‘మిల్లీమీటరున ఎన్ని థౌలున్నవి?’ యని. జవాబు 39.37. మిల్లీమీటరు పెద్దది, థౌ చిన్నది. కావున మిల్లీమీటరున పట్టు వోల్టులు 39.37 రెట్లు ఎక్కువ. 300ను దానితో హెచ్చవేసిన 11,811 వోల్టులు. వెనుకకు పోవునప్పుడు, అనగా మిల్లీమీటరునకు ఇన్ని కిలోవోల్టులను థౌకు ఇన్ని వోల్టులుగా మార్చునప్పుడు, 25.4తో హెచ్చవేయవలెను. కిలోవోల్టులోని వేయిని 39.37చే భాగించినచో 25.4 వచ్చును గనుక ఇట్లగుచున్నది. ఈ రెండు సంఖ్యలును కవలపిల్లలవంటివి. ఒకదానితో నొకటి హెచ్చించినచో వేయి యగును. ఒకదాని చోట నొకటి కూర్చున్నచో ఫలము ఒకటిన్నర రెట్లకు కొంచెము మించి తప్పును.

ఈ ‘ఒకటిన్నర రెట్లు’ అనునదే నన్ను భయపెట్టినది. పెద్ద తప్పు దానంతట అదే బయటపడును. దీనికొక ఉదాహరణము చూడుడు. 50 హెర్ట్‌జుల విద్యుత్తు విషయమున, సామాన్య ప్రజలు లోనుగాదగిన క్షేత్రమునకు అంతర్జాతీయ సంఘమొకటి 2010లో మీటరునకు 5 కిలోవోల్టులను మేరగా సూచించినది. దీనిని ఇంచికి మార్చినచో సరిగా 127 వోల్టులగును. పొరపాటున భాగింపవలసినచోట హెచ్చవేసితిమేని 1,96,850 వోల్టులని వచ్చును. గాలి పగిలి నిప్పురవ్వ దుముకుటకు ఇంచికి సుమారు 76,000 వోల్టులు చాలునని తెలిసినవాడు ఆ సంఖ్యను చూచి నవ్వును. ప్రజలు క్షేమముగా నుండవలసినచోట పిడుగులు కురియుచున్నవేమని అడుగును. కాని 11.8 ఉండవలసినచోట 7.6 ఉన్నచో ఎవ్వరును నవ్వరు. రెండును కాగితమునకు తగిన సంఖ్యలవలెనే యుండును. నా తప్పు, అదృష్టవశమున, తక్కువవైపు పోయినది. కాగితము నొకింత ఎక్కువ వేసియుందురు, అంతే. ఇదే తప్పును ఎదురుదారిని చేసి, మిల్లీమీటరునకు 12 కిలోవోల్టులను థౌకు 305కు బదులు 472 వోల్టులని వ్రాసియుందునేని, ఎవడో పలుచని కాగితము వేసి మూత బిగించును. దాని ఫలము ఏ వేసవి రాత్రియో స్తంభము మీద తెలియును.

మాటకు మాట యెత్తివచ్చినది గనుక చెప్పుచున్నాను: 12ను 25.4తో హెచ్చించిన 304.8. అడుగునకు మిల్లీమీటరులు గూడ 304.8 గదా! పండ్రెండు ఇంచీలు అడుగగుటయే దీనికి కారణము. గుర్తుంచుకొనుటకు ఇది పనికివచ్చును.

ఇక మన భాష వైపు వత్తము. ఇంగ్లీషువాడు వోల్టును ముందు చెప్పి మీటరును వెనుక చెప్పును. నడుమ చిన్న అవ్యయ మొకటి వేయును. తెలుగున మీటరే ముందు వచ్చును: ‘మీటరునకు మూడు వోల్టులు’, ‘ఎకరమునకు ముప్పది బస్తాలు’, ‘తలకు రూపాయి’. భాగించు పనియంతయు ఆ కు-వర్ణకము మీదనే నిలిచియున్నది. బడిలో ‘కి, కు, యొక్క, లో, లోపల’ అని షష్ఠిని వల్లించినప్పుడు, ఈ ప్రత్యయము గణితమున భాగహారపు గీత చేయు పని చేయునని మనకెవ్వరును చెప్పలేదు. శాస్త్రవిషయములను అనువదించువారు పెక్కురు దీనిని జారవిడుచుచున్నారు. ‘వోల్టు మీటరు’ అని వ్రాసి ఊరకుందురు. తెలుగున మీటరు అనగా కొలతయు నగును, కొలుచు సాధనమును నగును. ‘వోల్టుమీటరు’ అనగా గోడకు తగిలించు పరికరము. వోల్టును మీటరును హెచ్చించిన మఱియొక ప్రమాణమును భౌతికశాస్త్రమున కలదు. ఒక్క ప్రత్యయము పోయిన పాపమునకు, తీవ్రతను చెప్పబోయి పరికరమును చెప్పినట్లగును. అడ్డగీత వేసి ‘వోల్టు/మీటరు’ అని వ్రాయుట కంటికి చాలునేమో గాని, బిగ్గరగా చదువువానికి చాలదు. గోడమీది కాగితమును ఒకడు చదువగా పదుగురు విందురు.

‘క్షేత్రము’ అను మాట మీద నాకు మొదట కొంత విముఖత యుండెడిది. కాశియు శ్రీశైలమును క్షేత్రములు, పొలమును క్షేత్రమే, శరీరమును క్షేత్రమని గీతాశాస్త్రము. అయినను ఆలోచించిన కొలదియు ఈ మాటయే తగునని తోచినది. పుణ్యక్షేత్రమున అడుగిడినవానికి ఆ చోటి మహిమ తగులునని నమ్మకము. విద్యుత్ క్షేత్రమున పెట్టిన ఆవేశమునకు ఆ చోటి బలము తగులుట ప్రత్యక్షము. పాఠ్యపుస్తకములలో ‘విద్యుత్ క్షేత్ర తీవ్రత’ అని స్థిరపడినది. దానిని మార్చి ‘క్షేత్ర బలము’ అనువారున్నారు; నాకది సమ్మతము కాదు. బలము న్యూటనులలో కొలువబడును. తీవ్రత కూలుంబునకు ఇన్ని న్యూటనులు. మీటరునకు ఒక వోల్టు అన్నను, కూలుంబునకు ఒక న్యూటను అన్నను ఒకటే. అచ్చటను ‘కు’ యున్నది. బలము అన్నంతనే అది మాయమగును.

‘అంగుళము’ విషయమున ఇంతకంటె జాగ్రత్త కావలెను. మన సంప్రదాయమున మూరకు ఇరువదినాలుగు అంగుళములు. మూర సుమారు పదునెనిమిది ఇంచీలు గనుక పాత అంగుళము ముప్పాతిక ఇంచి. ఇంగ్లీషు కొలత వచ్చిన పిమ్మట ఇంచికే అంగుళమని పేరు పెట్టుకొంటిమి. కథలో ‘నాలుగంగుళాల జరీ’ అన్నచో ఏ కొలతయైనను చీర చినుగదు. శిల్పశాస్త్రమును గూర్చి వ్రాయుచు అంగుళమునకు 25.4 మిల్లీమీటరులని లెక్క కట్టినచో విగ్రహము మూడింట నొకవంతు పెరుగును. కావున శాస్త్రవిషయములలో నేను ‘ఇంచి’ అనియే వ్రాయుదును. ఆ యించి సైతము ఎల్లకాలము ఒక్కతీరుగా లేదు. ఇంగ్లండు, అమెరికాల ఇంచీలకు అణుమాత్రము భేదముండగా, 1959 జులై 1 మొదలు ఆ భాషా దేశములు కొన్ని సరిగా 25.4 మిల్లీమీటరులకు ఒప్పుకొన్నవి. మన దేశమున 1956లో తూనికలు కొలతల శాసనము వచ్చినది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుండి క్రొత్త తూనికలు అమలులోనికి వచ్చినవి. అణాలు పోయినవి, సేర్లు పోయినవి. అడుగులును థౌలును మాత్రము ఇండ్లస్థలములను, లేతు యంత్రములను పట్టుకొని నేటికిని విడువలేదు. అమెరికావారిని జూచినను వింతయే: రేడియో క్షేత్రమును చిరకాలము ‘ఒక మైలు దూరమున మీటరునకు ఇన్ని మిల్లివోల్టులు’ అని ఒకే వాక్యమున మైలును మీటరును కలిపి వ్రాసిరి.

సంఖ్య మార్చినంత మాత్రమున పని తీరదు. ఉదాహరణమునకు ట్రాన్స్‌ఫార్మరు నూనె పరీక్షను చూడుడు. మన భారతీయ ప్రమాణపత్రము 1993 నాటి కూర్పున, వడపోయని క్రొత్త నూనె 2.5 మిల్లీమీటరుల ఎడమున 30 కిలోవోల్టులు, వడపోసినది 60 కిలోవోల్టులు తట్టుకొనవలెనని విధించినది. అమెరికావారి పరీక్షలలో ఒకదానియందు ఎడము ఇంచిలో పదవ వంతు, అనగా 2.54 మిల్లీమీటరులు. రెండుచోట్లను 30 కిలోవోల్టులే యైనచో, మొదటిది థౌకు 305 వోల్టులు, రెండవది సరిగా 300. ఇంచుమించు సమానమే యని సంతోషింతుము. కాని ఒకచోట విద్యుత్తును అందించు లోహపు కొనలు గోళాకారములు, ఇంకొకచోట బల్లపరుపు బిళ్లలు. అవి కల్పించు క్షేత్రములు ఒక్క తీరువి కావు. కావున ఈ రెండు సంఖ్యలును పక్కపక్కన నిలిచినను ఒకే మాట చెప్పుట లేదు. పైగా ఏకాంతర విద్యుత్తున 30 కిలోవోల్టులన్నది సార్థక విలువ. తరంగ శిఖరమున అది 42 దాటును. దేనిని చెప్పుచున్నామో చెప్పని అనువాదము సగము అనువాదము.

మఱియు, మిల్లీమీటరునకు 12 కిలోవోల్టులు తట్టుకొన్న పదార్థము మీటరు మందమైనచో కోటి యిరువది లక్షల వోల్టులు తట్టుకొనునని తలంపరాదు. మందము పెరిగిన కొలదియు లోపముల కవకాశము పెరుగును. మిల్లీమీటరునకు పట్టు వోల్టులు తగ్గును. ‘మీటరునకు’ అన్నంత మాత్రమున అచ్చట మీటరు పొడవున్నదని అర్థము కాదు. గంటకు అరువది మైళ్ల వేగమున పోవువాడు గంటసేపు పోవలెనని నియమము లేదు గదా.

ఇట్టి భ్రమయే ఇంకొకటి. ఆంధ్రదేశపు దిగువ సీలేరు నుండి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బర్సూరు వరకు సుమారు 196 కిలోమీటరుల దూరము 1989లో మన దేశపు తొలి ప్రయోగాత్మక అధికవోల్టేజి ఏకముఖ విద్యుత్తు మార్గము పనిచేయ మొదలిడినది. తొలిదశ వోల్టేజి 100 కిలోవోల్టులు. ఈ రెండు సంఖ్యలును చేతబట్టుకొని, నూటిని 196చే భాగించి, క్షేత్ర తీవ్రత కిలోమీటరునకు అర కిలోవోల్టని వ్రాయు ఉత్సాహవంతులుండవచ్చును. ఆ నూఱు కిలోవోల్టులు తీగ మొదటికిని చివరకును నడుమ నున్నవి కావు; తీగకును నేలకును నడుమ నున్నవి. భాగింపవలసినది తీగ పొడవుచే గాక నేలనుండి దాని ఎత్తుచే. అదియు స్థూలమైన లెక్కయే, ఏలయన తీగ దాపున క్షేత్రము మిక్కిలి తీవ్రము, నేల దాపున పలుచన. ‘మీటరునకు’ అన్నప్పుడు ఏ మీటరునకు అను ప్రశ్న పుట్టవలెను.

సంఖ్యను చివరి దశాంశము వరకు వ్రాయు చాపల్యమును గూర్చి ఒక్క మాట. గాలి మిల్లీమీటరునకు సుమారు 3 కిలోవోల్టులు తట్టుకొనునన్నది మోటు లెక్క; తేమ, ఒత్తిడి, ఎడముల ననుసరించి మారునది. దానిని థౌకు మార్చి 76.2 అని వ్రాసినచో, మూలమున లేని నిక్కచ్చితనము తెలుగున పుట్టుకొని వచ్చును. ‘డెబ్బదియైదు ప్రాంతము’ అనుటయే సత్యమునకు దగ్గర. నిర్మలమైన ఆకాశము క్రింద నేలమీద ఎల్లవేళల నుండు సహజ క్షేత్రము మీటరునకు నూఱు వోల్టుల ప్రాంతమున నుండును; అడుగునకు ముప్పది యనిన చాలును, 30.48 అననక్కఱలేదు. (ఆరడుగుల మనిషికి తలకును పాదమునకును నూటయెనుబది వోల్టుల భేదమా యని జడియనక్కఱలేదు, శరీరము విద్యుత్తును పోనిచ్చును గనుక ఆ క్షేత్రము దానిచుట్టును వంగి పోవును.)

ప్రమాణమును విడిచిన సంఖ్య ఎంతదూరము పోగలదో 1983 జులై 23న కెనడాలో తెలిసినది. క్రొత్తగా మెట్రిక్ కొలతలకు మాఱిన విమానమొకటి, లీటరునకు 1.77 అను సంఖ్యను నమ్ముకొని ఇంధనము నింపుకొనెను. ఆ 1.77 పౌనులు, వారు కిలోగ్రాములనుకొనిరి. ఇంధనము సగమునకు లోపుగా నుండెను. ఆకాశమధ్యమున ఇంజనులు రెండును ఆగిపోగా, వైమానికులు దానిని జారవిడిచినట్లు తెచ్చి గిమ్లీ అను పాత విమానాశ్రయమున దించిరి. అందఱును బ్రతికిరి. అచ్చటను సంఖ్య తప్పు కాదు. ‘లీటరునకు’ అను మాటయు చెడలేదు. ఏవి లీటరునకో ఆ పేరు మాత్రము రాలిపోయినది.

భన్‌పురి కాగితమును నేను మరల వ్రాసితిని. ఈ మాఱు నాలుగు పంక్తులు పెట్టితిని. కాగితపు మందము పది థౌలు, అనగా 0.254 మిల్లీమీటరు. థౌకు 300 వోల్టులు. మిల్లీమీటరునకు సుమారు 11.8 కిలోవోల్టులు. ఏ దారిని కట్టినను మొత్తము 3 కిలోవోల్టులు. నాలుగవ పంక్తి ఆ పెద్దమనిషి చలువ. లెక్క మార్చినవాడెవ్వడైనను దానితో సరిచూచుకొనవచ్చును. క్రింద ఎఱ్ఱసిరాతో, ఇది కాగితము పగులు వోల్టేజి గాని పని చేయింపదగిన వోల్టేజి కాదని చేర్చితిని.

అతడు చదివి తల యూపెను. “బాగుంది బాబూ. గాని ఇది పొడి కాయితం మాట. నూనెలో నానినాక మరో మాట, తడి తగిలితే ఇంకో మాట.” ఆ సంఖ్యలు గూడ చెప్పినచో వ్రాసెదనంటిని. అతడు నవ్వి, మూలనున్న పరీక్షపెట్టెను చూపి, “దాన్నడుగు” అనెను.